నాడి లెక్క

నేను చేరేటప్పటికి ఆ హైస్కూల్లో ల్యాబంటే ఒక ఇనప బీరువా. దాని తాళంచెవి హెడ్మాస్టరుగారి సొరుగులో ఉండేది. ఆయన సెలవు పెడితే సైన్సుకి కూడా సెలవే. బీరువాలో ఫార్మలిన్ సీసాలో తెల్లబడిపోయిన కప్ప ఒకటి, మూతి విరిగిన బీకర్లు నాలుగు, ఒక థర్మామీటరు, రాళ్ళు పోయిన త్రాసు. గాజువాక దాటాక, స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ కాలనీల మధ్య ఉండేది ఆ బడి. తొంభైల మొదట్లో నన్ను అక్కడ వేశారు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. నేను టౌన్‌షిప్పు క్వార్టర్లో పెరిగాను. గేటు బయట బతుకు ఎలా ఉంటుందో ఆ బడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. పిల్లలు "ఏటి టీచర్" అంటే, "ఏటి కాదు, ఏమిటి" అనేదాన్ని. దిద్దడం నాకు మొదటి రోజు నుంచీ అలవాటు.

కోపం నా ముక్కు మీదే ఉండేది. పిల్లలు శ్వాసక్రియ సమీకరణాన్ని ఎక్కం చదివినట్టు చదివేవాళ్ళు. గ్లూకోజు ప్లస్ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ప్లస్ నీరు ప్లస్ శక్తి. ఒకరోజు ఉండబట్టలేక, "పొద్దున తిన్న అన్నం ఇప్పుడు ఎక్కడుంది, ఏమైంది?" అని అడిగాను. వెనక బెంచీలోంచి, "రేపు పొద్దున్న సెప్తాను టీచర్" అని జవాబొచ్చింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నాకు సిగ్గేసింది. శక్తి అనే మాటని వీళ్ళు మార్కుల కోసం రాస్తున్నారు తప్ప, అది తమ ఒంట్లో జరిగే పని అని ఎవరూ చెప్పలేదు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ వారమే ఇంట్లోంచి రెండు ఫ్లాస్కులు పట్టుకొచ్చాను. ఒకదాంట్లో మొలకెత్తిన పెసలు, రెండోదాంట్లో ఉడకబెట్టిన పెసలు వేసి మూతి దూదితో బిగించి పెట్టాం. మర్నాడు థర్మామీటరు పెట్టి చూస్తే మొలకలున్న ఫ్లాస్కు వేడెక్కి ఉంది. పిల్లలు వరసకట్టి వేళ్ళు పెట్టి చూశారు. "లోపల పొయ్యి ఉన్నట్టుంది టీచర్" అన్నాడొకడు. వాళ్ళ నాన్న ఫర్నేసు దగ్గర కాంట్రాక్టు కూలీ. అవునురా, పొయ్యే, కాకపోతే మంట లేకుండా మెల్లగా మండుతుంది, నీ ఒంట్లోనూ అదే అన్నాను. ఇంకో రోజు ఇడ్లీపిండిలో పంచదార కలిపి, సీసాలో పోసి, మూతికి బెలూను తగిలించాం. మధ్యాహ్నానికి బెలూను లేచి నిలబడితే ఊడ్చే ఆయా కూడా చీపురు పక్కన పెట్టి చూడ్డానికొచ్చింది. ఇంట్లో పులిసిన తరవాణి తాగొచ్చే పిల్లలు, తాము తాగేదాంట్లో ప్రాణులున్నాయని తెలిసి రెండు రోజులు మానేశారట. తల్లులు నన్ను తిట్టుకున్నారని తర్వాత తెలిసింది.

నాకు ఊపొచ్చింది. ఊపిరి ఊదితే రంగు మారే మందు ఒకటి కావాల్సొచ్చి, శనివారం బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి యూనివర్సిటీకి వెళ్ళాను. అక్కడ ఒక రిసెర్చ్ స్కాలరు కప్ప కండరాలు శక్తిని ఎలా ఖర్చు చేస్తాయో అని పనిచేస్తున్నాడు. కృష్ణా జిల్లా వాడు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పల్లె బడి నుంచి ఒక టీచరు మందు అడుక్కోవడానికి రావడం అతనికి వింతగా తోచింది. మందు ఇచ్చాడు, "పిల్లల్ని తీసుకురండి మేడమ్" అని కూడా అన్నాడు.

తొమ్మిదో తరగతిలోంచి పన్నెండు మందిని తీసుకెళ్ళాను. ల్యాబు రెండో అంతస్తులో ఉంది. పదకొండు మంది నాతోపాటు ఎక్కేశారు. ఒక పిల్ల మాత్రం రెయిలింగు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ అందరికంటే ఆఖర్న వచ్చింది. పెదవులు నల్లగా కమిలి ఉన్నాయి. "బస్సు దిగి నాలుగడుగులు నడవలేకపోతే ఎలాగమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. తండ్రి లేడు. తల్లి చేపల బుట్టతో టౌన్‌షిప్పు సెక్టార్లు తిరిగేది. పిల్ల లెక్కల్లో క్లాసు ఫస్టు.

అక్కడ ఒక యంత్రం చూపించాడు స్కాలరు. చిన్న గాజు గదిలో కండరంలోంచి తీసిన కణభాగాలు, దానికి తగిలించి ఒక పెన్ను, పెన్ను కింద మెల్లగా జరిగే గళ్ళ కాగితం. సూదితో చుక్క ఆహారం వెయ్యగానే అవి ఆక్సిజన్ని లాక్కోవడం మొదలెడతాయి, పెన్ను గీత కిందికి జారుతుంది. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ఆ పిల్ల ఒక్కతే అడిగింది.

"గీత మీకు కావాల్సినట్టు రాపోతే ఏటి సేత్తారు సార్?"

నేను "ఏం చేస్తారు అనాలి" అని దిద్దేలోపే అతను జవాబు చెప్పాడు. "వచ్చిందే ఉంచుకుంటామమ్మా. ఎందుకలా వచ్చిందా అని వెతుక్కుంటాం. చాలాసార్లు అసలు సంగతి అక్కడే దొరుకుతుంది."

వచ్చేటప్పుడు బస్టాపు దాకా వచ్చి అతను నాకో పని అప్పజెప్పాడు. యంత్రం లేకపోయినా మీ పిల్లల మీదే శక్తి లెక్క తీయొచ్చు, మెట్టు ఎక్కించి దించండి, నాడి చూడండి, శ్రమ అయ్యాక గుండె ఎంతసేపటికి నెమ్మదిస్తుందో రాయించండి, నేను గ్రాఫులు గీసిస్తాను అన్నాడు. బస్సెక్కుతుంటే మళ్ళీ పిలిచి, "రఫ్ కాగితాలే పంపండి మేడమ్. ఫెయిర్ కాపీలు నాకొద్దు" అన్నాడు.

ఇక్కడ మా సైన్సు టీచర్ల ఆచారం ఒకటి చెప్పాలి. మా దగ్గర రీడింగు అనేది ప్రయోగంలోంచి రాదు, వెనకటి బ్యాచి రికార్డులోంచి వస్తుంది. నేను కాలేజీలో చదివినప్పుడు సీనియరు అక్క రికార్డు పక్కన పెట్టుకుని ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ మార్చి రాశాను. ఆ అక్క ఇంకో అక్కది చూసి రాసింది. లెక్చరర్లకి తెలుసు. ఎవరికైనా నిజంగా చేస్తే వేరే అంకె వచ్చిందనుకోండి, అది వాళ్ళ చేతకానితనం. రఫ్ కాగితమంటే మాకు లోపలి బట్టలాంటిది, బయటివాళ్ళకి చూపించం. నేను పెసలు, బెలూన్లు పట్టుకుని కొత్తదాన్ని అయిపోయానని మురిసిపోయాను గానీ ఈ పాత బుద్ధి ఎక్కడికీ పోలేదు.

మెట్ల ప్రయోగం వరండాలో పెట్టాను. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, నా చేతి గడియారం, ఒక విజిలు. మూడు నిమిషాలు వరండా మెట్టు ఎక్కి దిగాలి. ఆగగానే ఒకసారి, తర్వాత నిమిషం నిమిషానికీ, జతలో రెండోవాళ్ళు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాలి. పరుగెత్తిన గుండె ఐదో నిమిషానికి ఎంత దిగిందో చూడాలి. శ్రమలో కండరాలకి చాలని ఆక్సిజన్ని గుండె తర్వాత వేగంగా కొట్టుకుని అందిస్తుంది, అందుకే ఈ దిగడం చూస్తే ఒంట్లో పొయ్యి ఎలా మండుతోందో తెలుస్తుంది అని చెప్పాను. చాలా బాగా చెప్పాను. ఆ రోజు పాఠం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఆ పిల్ల రెండు నిమిషాలకే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఆయాసమొత్తంది టీచర్."

"అందరికీ వస్తుంది. ఆయాసం రాడానికేగా ఎక్కుతున్నది. లే."

లేచి మూడో నిమిషం పూర్తి చేసింది. జత పిల్ల లెక్కపెట్టింది. నమ్మకం లేక ఆ పిల్ల తనే ఇంకోసారి లెక్కపెట్టుకుని కాగితం తెచ్చి ఇచ్చింది. ఐదో నిమిషం దగ్గర నూట ముప్పై రెండు అని ఉంది. క్లాసులో ఎవరిదీ తొంభై ఐదు దాటలేదు.

"ఇదేమిటే?"

"అంతే వచ్చింది టీచర్."

"అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించమన్నాను. నువ్వు నిమిషమంతా లెక్కపెట్టి గుణించినట్టున్నావు. లెక్కల్లో ఫస్టు, ఇదేం లెక్క? అన్నీ డబులా?"

పిల్లలు నవ్వారు. అలా గుణించి ఉంటే అసలు నాడి నూట ముప్పై రెండులో సగం, అరవై ఆరే అయ్యుండాలని, మెట్టెక్కి దిగిన పిల్లకి అరవై ఆరు ఉండదని నాకు తట్టలేదు. తట్టే ఓపిక లేదు. జిల్లా సైన్సు ప్రదర్శన పది రోజుల్లో ఉంది, ఎనిమిది చార్టులు గీయించాలి, బెల్లు కొట్టేస్తున్నారు.

"నాను సరిగ్గానే లెక్కెట్టాను టీచర్. నా జత పిల్లా లెక్కెట్టింది. మీరు సూడండి" అని చెయ్యి చాచింది.

చెయ్యి చాచే ఉంచింది. నేను పట్టుకోలేదు. కాగితం మీద నూట ముప్పై రెండు చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి పక్కన 'తప్పు' అని రాసి, "పక్కవాళ్ళది చూసి సరిగ్గా రాసుకుని రికార్డులో ఎక్కించు" అన్నాను. మూడు రోజుల తర్వాత ఆ పిల్ల రికార్డు నా బల్ల మీదికొచ్చింది. ఐదో నిమిషం, ఎనభై ఎనిమిది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎనభై ఎనిమిది దగ్గర మాత్రం కాగితం కొంచెం గరుకుగా ఉంది. అక్కడ కూడా ముందు అసలు అంకెనే పెన్సిలుతో రాసి, తర్వాత రబ్బరు పెట్టి చెరిపిందన్నమాట. నేను చూశాను, పేజీ తిప్పి కింద 'గుడ్' అని రాసి సంతకం చేశాను.

ప్రదర్శనలో మాకు బహుమతి వచ్చింది. ముప్పై ఎనిమిది గీతలు ఒకే తీరున అందంగా కిందికి దిగే చార్టు చూసి అధికారులు నన్ను మెచ్చుకున్నారు. ఫొటో తీశారు. అవే ఫెయిర్ కాపీల నకలు రాయించి యూనివర్సిటీకి పంపాను. రెండు వారాలకి స్కాలరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లల గీతలన్నీ ఒకేలా ఉన్నాయని, ప్రాణమున్న వాటిలో అలా ఉండదని, దయచేసి రఫ్ కాగితాలు పంపమని. ఒకరిద్దరివి తేడాగా వచ్చి ఉండాలే, వాళ్ళ గురించే నాకు తెలుసుకోవాలనుంది అని రాశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ చేతికందే ల్యాబులో కూర్చుని, బీరువా తాళం కోసం కాళ్ళరిగేలా తిరిగేదాన్ని అనుమానిస్తాడా అనుకున్నాను. జవాబు రాయలేదు. మళ్ళీ మద్దిలపాలెంలో దిగలేదు. రఫ్ కాగితాలన్నీ తాడుతో కట్టి ఇంట్లో అట్టపెట్టెలో పడేశాను. పారెయ్యకపోవడానికి కారణం నాకే తెలియదు.

ఆ పిల్లని క్లాసులో 'డబులు' అని పిలవడం మొదలెట్టారు. నేను అన్న మాటే కాబట్టి నేను వద్దనలేదు. పదో తరగతిలో ఎప్పుడూ మూడో బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునేది. ప్రశ్నలు అడగడం మానేసింది. పాసైంది, వెళ్ళిపోయింది. టీచర్లకి పిల్లలు ఏటా వెళ్ళిపోతారు, నేనూ ఆ పిల్లని మర్చిపోయాను.

రెండు వేలు దాటాక నన్ను మధురవాడ వైపు బడికి మార్చారు. అక్కడ నిజమైన ల్యాబే ఉంది, నాలుగు బల్లలు, కుళాయి. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. చేపల వాసన ముందు తెలిసింది, మనిషి తర్వాత గుర్తొచ్చింది. ఆ పిల్ల తల్లి. మూడు బస్సులు మారి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నా కూతురు పోయింది టీచరమ్మా" అంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

పందొమ్మిదో ఏట పెళ్ళి చేసింది. అల్లుడు ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని. మంచివాడు. ఏడో నెల మోస్తుండగా ఊపిరాడక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, గుండెలో తలుపు ఒకటి మూసుకుపోయిందన్నారు. చిన్నప్పుడెప్పుడో కీళ్ళు వాచి జ్వరం వచ్చి ఉంటుంది, అప్పట్నుంచే మొదలైన జబ్బు, ముందే తెలిసుంటే చెయ్యగలిగింది ఉండేది అన్నారు. మూడో రోజుకి తల్లీ లేదు, లోపలి బిడ్డా లేదు.

"ఇప్పుడు అల్లుడోల్లు నన్ను దొంగని సేత్తన్నారమ్మా. రోగం దాసి పిల్లనిచ్చేవంటన్నారు. నాకేటి తెల్సు? పదో తరగతిలో ఓపాలి ఆయాసం సూసి ఆసుపత్రికి పోదామన్నాను. 'వద్దమ్మా, మా టీచరు గడియారమెట్టి సూసింది, నాకేటీ లేదు, నాదే లెక్క తప్పు' అంది. మరి నువ్వు సూసేవు కదా."

సంచిలోంచి రికార్డు తీసింది. అట్ట మీద పాత న్యూస్‌పేపరు అలాగే ఉంది. "ఇందులో ఉందంట కదా, గుండె ఎలగ కొట్టుకుందో. కింద బాగుందని నువ్వే రాసేవంట. మా తమ్ముడి కొడుకు సదివి సెప్పేడు. ఆదివారం పెద్దలు కూకుంటన్నారు. నువ్వొచ్చి ఓ మాట సెప్పు టీచరమ్మా, పెల్లి నాటికి నా పిల్ల బాగానే ఉండీదని."

ఆమె మొహంలోకి చూడలేక రికార్డు వైపు చూశాను. వస్తాను అన్నాను. ఆమె వెళ్ళాక క్లాసుకి పోలేదు. ఆ సాయంత్రం అటక మీది అట్టపెట్టె దింపి కాగితాల కట్ట విప్పాను. ముప్పై ఎనిమిదిలో ఇరవై ఒకటోది. నూట ముప్పై రెండు, ఎర్ర సున్నా, తప్పు. ఆ పిల్ల చెప్పింది నిజం. తన ఒంట్లో ఏదో సరిగ్గా లేదని తన చేత్తో తనే లెక్కపెట్టి తెచ్చి నాకిచ్చింది. ఇరవై ఏళ్ళ చదువు చదివిన నేను దాన్ని చెరిపించాను. ఆ కాగితం యూనివర్సిటీకి పంపి ఉన్నా సరిపోయేది, అతను కచ్చితంగా అడిగేవాడు.

ఆదివారం ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆమె ఇంటి ముందు ఆరేడు కుర్చీలు వేశారు. ఒక పక్క వియ్యాలవారు, ఒక పక్క ఈమె తమ్ముడు, మధ్యలో కాలనీ పెద్దమనిషి. ఆమె గుమ్మంలో గడపకి ఆనుకుని కూర్చుంది. వియ్యాలవారి పెద్ద, "సిన్నప్పటి రోగమని డాట్రే సెప్పేడు. దాసి కట్టబెట్టేరు. మావోడి బతుకు నాశనం సేసేరు" అన్నాడు. ఆమె రికార్డు నా చేతికిచ్చింది.

చదివాను. ఎనభై ఎనిమిది.

"అంటే ఏటమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

నేను నిజం చెబితే వాళ్ళ మాటే నెగ్గుతుంది. జబ్బు పెళ్ళికి ముందే ఉందని తేలుతుంది, దాచకపోయినా దాచినట్టే అవుతుంది. ఆ ఎండలో ఆమె నన్నే చూస్తోంది. ఆమె పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కాపాడుకున్నది నన్ను నేనే.

"మామూలుగా ఉన్నట్టే" అన్నాను.

అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న కుర్రాడు తలెత్తాడు. అల్లుడు. గడ్డం మాసి ఉంది, గోళ్ళ కింద గ్రీజు.

"మీరు సేత్తో సూసేరా టీచర్?"

"చూశాను బాబూ."

"అయితే సరే" అని లేచి వెళ్ళిపోయాడు. అతనితోపాటు అందరూ లేచారు. ఆమె నాకు దణ్ణం పెట్టింది. నేను ఆ దణ్ణం తీసుకుని బస్సెక్కాను.

ఆ వారం ఎలా గడిచిందో రాయను. యూనివర్సిటీకి ఫోను చేస్తే ఆ స్కాలరు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడన్నారు. అతను దొరికితే తిట్టించుకుందామనుకున్నాను, ఆ వీలూ లేదు. పై ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఆ కాలనీకి వెళ్ళాను. ఆమె ఇంటి వెనక కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది. ఎదురుగా కింద కూర్చుని మొత్తం చెప్పాను. మెట్టు, ఆయాసం, చాచిన చెయ్యి, ఎర్రపెన్ను, యూనివర్సిటీ ఉత్తరం, పోయిన ఆదివారం ఆడిన అబద్ధం. చెబుతున్నంతసేపూ ఆమె చేపలు తోముతూనే ఉంది. ఆ కత్తిపీట తీసి నా మీద విసిరినా బాగుండుననిపించింది.

చేతులు కడుక్కుని చీరచెంగుతో తుడుచుకుని, రఫ్ కాగితం తీసుకుంది.

"దీంట్లో ఏదది?"

వేలితో చూపించాను.

"దాని సేతిరాతేనా?"

"తను రాసిందే."

"సుట్టూ ఎర్రగా ఉందేటి?"

"అది నేను రాసింది. తప్పు అని."

ఆ అంకె మీద వేలు పెట్టింది. ఆమెకి చదువు రాదు. కానీ ఆ ఒక్క చోటు మీంచి వేలు తియ్యలేదు.

"అయితే నా పిల్ల లెక్క తప్పలేదా?"

"తప్పలేదమ్మా."

"ఆ యేడంతా నా సెయ్యట్టుకుని లెక్కెట్టీది టీచరమ్మా. తర్వాత దాని సెయ్యి అది లెక్కెట్టుకునీది. 'అమ్మా, నీదెట్టినప్పుడు సరిగ్గా వత్తంది, నాదెట్టుకుంటేనే లెక్క తప్పిపోతంది' అని ఏడిసీది. డబులు డబులని పిల్లలు ఏడిపించీవోరంట. లెక్కలంటే దానికి పేణం. ఇంక లెక్కలు సదవనంది."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు, నన్ను ఊరుకోమని కూడా అనలేదు. లోపలికి వెళ్ళి రికార్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అసలుది రాయి."

బ్యాగులో చెయ్యి పెడితే అలవాటుగా పెన్సిలు వచ్చింది. "అది సెరిగిపోద్ది. పెన్నుతో రాయి" అంది. ఎనభై ఎనిమిది కొట్టేసి నూట ముప్పై రెండు అని రాశాను. రఫ్ కాగితం మీది 'తప్పు' కూడా కొట్టెయ్యమంది. కొట్టేశాను. ఆమె రెండూ కలిపి సంచిలో పెట్టి, తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.

"పద. అల్లుడు ఈ రోజు కూడా పన్లోకే పోయేడు. ఆడికీ నువ్వే సెప్పాల."

"మిమ్మల్ని మళ్ళీ అంటారమ్మా, దాచారని."

"అననీ. నాను పడతాను. దాన్ని లెక్క రానిదని మాత్రం ఉంచను."

ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాం. దారంతా ఆమె సంచి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. రేకుల షెడ్డులో అతనొక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేతు ఆపాడు. ఆమె రికార్డు, కాగితం తీసి అతనికిచ్చి పక్కకి జరిగింది. అతను చదివాడు, కొట్టేసిన అంకె, కొట్టేసిన మాట, అన్నీ చూశాడు. నేను చెప్పింది మొదటి నుంచి చివరిదాకా విన్నాడు.

"మీరు సేత్తో సూసేనన్నారు కదా టీచర్" అన్నాడు.

"చూడలేదు బాబూ. తను చెయ్యి చాచింది. నేను పట్టుకోలేదు."

అతను కాగితాన్ని మడత పడిన చోటే మళ్ళీ మడిచి, రికార్డులో పెట్టి అత్తగారికిచ్చాడు. లేతు మళ్ళీ ఆన్ చేశాడు.